ముందు గాలి లీకు చూడండి, తర్వాతే స్క్రూడ్రైవర్ పట్టండి

పాత చైన్‌సాల రిపేరు గురించి ప్రశ్నలు పంపమని పోయిన నెల అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిలో ఒకటే గోడు: “మెకానిక్‌కి చూపించాం, కార్బరేటర్ ట్యూన్ చేశాడు, నాలుగు రోజులకి మళ్ళీ మొదటికొచ్చింది.” అందుకే ఆ ప్రశ్నకి ఈసారి ఎక్కువ చోటు ఇచ్చాను. నేను స్కూటర్లతో మొదలుపెట్టి ఈ మిషన్లకి వచ్చినవాణ్ణి. రెండిట్లోనూ ఉన్నది టూ స్ట్రోక్ ఇంజనే కాబట్టి, పాత బజాజ్ స్కూటర్ విప్పిన చెయ్యి ఎవరిదైనా ఈ పని నేర్చుకోగలదు.

*ప్రశ్న: మా నాన్నగారు కొన్న స్టిల్ 070 మిషను ఇంట్లో ఉంది. 2018లో తిత్లీ తుపానుకి పడిపోయిన కొబ్బరి, జీడి చెట్లన్నీ దాంతోనే కోశాం. తర్వాత మూలన పడేశాం. ఈమధ్య బయటికి తీస్తే స్టార్టయింది గానీ, యాక్సిలేటర్ వదిలినా రేసు తగ్గడం లేదు. పిస్టన్ జామయిందని కొత్తది వేయించాం. పది రోజుల్లో అదీ జామయింది. ఇక పాత ఇనుముకి వేసేయమంటున్నారు. ఏం చేయమంటారు? – ఒక జీడి రైతు, పలాస*

పాత ఇనుముకి వేయకండి. మీ మిషనుకి వచ్చింది ముసలితనం కాదు, గాలి లీకు. “యాక్సిలేటర్ వదిలినా రేసు తగ్గడం లేదు” అని మీరు రాసిన ఒక్క ముక్కలోనే జబ్బు పేరు ఉంది.

070 అంటే 58 మిల్లీమీటర్ల బోరు, 40 మిల్లీమీటర్ల స్ట్రోకు, దాదాపు 106 సీసీ. మన బుల్లెట్ బండిలో మూడో వంతుకి కాస్త తక్కువ ఇంజన్ చేతిలో పట్టుకున్నట్టు. 1959లో స్టిల్ వాళ్ళు గేర్లు లేని ‘కాంట్రా’ అనే మిషను తెచ్చారు. క్లచ్ నుంచి నేరుగా చైను తిరుగుతుంది. 070 ఆ వంశంలోదే. మందమైన పోతలు, లావు షాఫ్టు, విప్పడానికి సులువైన బోల్టులు. అలాంటి ఇంజన్ పది రోజుల్లో పిస్టన్ తినేసిందంటే లోపల కారణం ఉండి తీరాలి. ఆ కారణం వెతక్కుండా కొత్త పిస్టన్ వేస్తే అదీ అదే దారి పడుతుంది.

ఈ ఇంజన్‌లో నూనె విడిగా ఉండదు. పెట్రోలులో కలిపిందే లోపలికి పోయి బేరింగులకీ, పిస్టన్‌కీ, రింగులకీ అందుతుంది. క్రాంక్ కేసులో, అంటే పిస్టన్ కింద షాఫ్టు తిరిగే గదిలో, ఎక్కడైనా సన్న సందు ఉంటే అందులోంచి గాలి చొరబడుతుంది. మిశ్రమం పల్చబడుతుంది. పల్చబడితే రేసు పెరుగుతుంది, వేడి పెరుగుతుంది, నూనె తగ్గుతుంది. మూడూ ఒకేసారి. వినేవాడికి మాత్రం ‘అబ్బ, బండి భలే పికప్ మీద ఉంది’ అనిపిస్తుంది. పెట్రోలు అయిపోవచ్చినప్పుడు గయ్యిమని ఒక అరుపు అరుస్తుంది చూడండి, అదే అరుపు ఇది.

నేను పని నేర్చుకుని సొంతంగా షెడ్డు పెట్టిన ఏడాదే ఇదే తప్పు చేశాను. ఒక రైతు మిషను రేసు తగ్గడం లేదని తెస్తే, ఐడిల్ స్క్రూ వెనక్కి తిప్పి, ఫుల్ రేసులో పెట్రోలుని సరిచేసే హెచ్ స్క్రూ అరచుట్టు విప్పి పంపించాను. వారం తిరక్కుండా పిస్టన్ అంటుకుపోయి తిరిగొచ్చింది. ఆయన నన్నేమీ అనలేదు. సరుగుడు లోడు పోయిందని మాత్రం చెప్పి తల వంచుకుని కూచున్నాడు. పిస్టన్ డబ్బులు నేనే పెట్టుకున్నాను. ఆ లోడు నష్టం మాత్రం ఆయనదే అయింది. అప్పట్నుంచి గాలి లీకు చూడకుండా కార్బరేటర్ మీద స్క్రూడ్రైవర్ పెట్టను.

లీకు చూడటానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. బీపీ చూసే పాతరకం మిషను ఉంటుంది కదా, నల్ల రబ్బరు బుగ్గ, గుండ్రటి మీటరుతో, అది తీసుకోండి. పనికిరాని స్పార్క్ ప్లగ్గు ఒకటి తీసుకుని, లోపలి పింగాణీ పగలగొట్టి తీసేయండి. మిగిలిన ఇనుప డొల్లలో సన్నటి ఇత్తడి గొట్టం పెట్టి ఎం-సీల్‌తో మూయండి. ఒక రాత్రి ఆరనివ్వండి. సైలెన్సర్ విప్పి, లారీ ట్యూబు ముక్క పెట్టి మళ్ళీ బిగించండి. కార్బరేటర్ విప్పి అక్కడా అలాగే ట్యూబు ముక్కతో మూయండి. కార్బరేటర్ పంపుకి గాలి వెళ్ళే సన్న రంధ్రం కూడా దాని కింద మూసుకోవాలి, మర్చిపోకండి. స్టార్టర్ తాడు మెల్లగా లాగి పిస్టన్‌ని పూర్తిగా కిందికి తెండి. పిస్టన్ పైన ఉంటే మీరు కొట్టిన గాలి క్రాంక్ కేసులోకి దిగదు.

ఇప్పుడు డొల్ల ప్లగ్గు బిగించి, బుగ్గతో గాలి కొట్టండి. ముల్లు 200, 250 మధ్యకి రాగానే ఆపి, నిమిషంపాటు చూడండి. నిలబడితే మంచిది. దిగిపోతుంటే సబ్బు నీళ్ళు బ్రష్షుతో పూయండి: సిలిండర్ అడుగు ప్యాకింగు చుట్టూ, క్రాంక్ కేసు రెండు ముక్కలు కలిసిన గీత మీదా, మాగ్నెట్ వెనకా, క్లచ్ వెనకా. మాగ్నెట్, క్లచ్ విప్పి చూస్తేనే ఆయిల్ సీళ్ళు, అంటే షాఫ్టు చుట్టూ సందు మూసే రబ్బరు బిళ్ళలు, కనిపిస్తాయి. సీలు పోయినచోట షాఫ్టు చుట్టూ ఆవగింజలంత బుడగలు వరసగా లేస్తాయి, ఉడుకుతున్న గంజి అంచులా. అవి చూశాక ఇక అనుమానం ఉండదు.

మీ మిషను విషయంలో సీళ్ళేనని నా నమ్మకం. ఏళ్ళ తరబడి మూలన ఉంటే సీలు పెదవి షాఫ్టుకి అంటుకుని ఎండిపోతుంది. మొదటిసారి తాడు లాగగానే ఆ పెదవి చిరుగుతుంది. ఒక చిక్కు ఉంది: లోపల్నుంచి గాలి తోస్తే సీలు పెదవి షాఫ్టుకి ఇంకా గట్టిగా ఒత్తుకుంటుంది. అందుకని పీల్చేటప్పుడు లీకయ్యే సీలు, కొట్టేటప్పుడు బాగానే ఉన్నట్టు నటించగలదు. ముల్లు నిలబడినా సరే, మీరు రెండు సీళ్ళూ మార్చేయండి. పిస్టన్ ఖరీదు ముందు వాటి ఖరీదు లెక్కలోది కాదు.

విప్పేటప్పుడు జాగ్రత్త. చాలా చైన్‌సాలకి క్లచ్ రివర్స్ థ్రెడ్డు. మామూలుగా విప్పబోతే ఇంకా బిగుస్తుంది. ఇంజన్ తిరక్కుండా ఆపడానికి ప్లగ్గు రంధ్రంలో స్క్రూడ్రైవర్ పెట్టేవాళ్ళని చూశాను. పిస్టన్ నెత్తికి చిల్లు పడుతుంది. పిస్టన్ సైలెన్సర్ కిటికీ దాటి పైకి వచ్చాక, శుభ్రమైన నైలాన్ తాడు కొంచెం కొంచెంగా లోపలికి దూర్చండి. అది మెత్తగా అడ్డుపడుతుంది.

జామయిన పిస్టన్ పారేయకముందు ఒకసారి వెలుతుర్లో తిప్పి చూడండి. నిలువు గీతలు సైలెన్సర్ వైపు ఉంటే వేడికీ నూనె తక్కువకీ గుర్తు. కార్బరేటర్ వైపు మాత్రమే ఉంటే ఎయిర్ ఫిల్టర్‌లోంచి దుమ్ము పోయింది. మీది మొదటి రకం అయివుంటుంది. సిలిండర్ గోడకి అంటుకున్న అల్యూమినియం తేలిగ్గా ఉంటే సన్న ఎమరీ కాగితంతో అడ్డంగా, చేత్తోనే రుద్దండి. డ్రిల్ మిషన్ పెట్టకండి. లోపలి పూత లేచిపోయి ఉంటే మాత్రం సిలిండర్ మార్చాల్సిందే. 070కి బయటి తయారీ సామాన్లు బాగానే దొరుకుతున్నాయి. అలాంటి పిస్టన్ కొంటే దాంతో వచ్చే పిన్ను లాకుల్ని నమ్మకండి. పాత ఒరిజినల్ లాకులు గట్టిగా ఉంటే అవే వేయండి. లాకు ఊడితే సిలిండర్ గోడని నాగలి చాలులా చీరేస్తుంది.

ఇవన్నీ అయ్యాకే కార్బరేటర్. తక్కువ రేసుకి ఎల్, ఫుల్ రేసుకి హెచ్, ఈ స్క్రూలు రెండూ మెల్లగా చివరిదాకా బిగించి, ఒక్కో చుట్టు విప్పి మొదలుపెట్టండి. ఫుల్ రేసులో ఖాళీగా తిప్పితే బరబరమని తడిగా మోగాలి. దుంగలో పెట్టగానే ఆ బరబర పోయి స్వరం నున్నగా కావాలి. ఖాళీగా ఉన్నప్పుడే నున్నగా సన్నగా మోగుతోందంటే మిశ్రమం పల్చగా ఉన్నట్టే. హెచ్ కొంచెం విప్పండి.

*ప్రశ్న: పాత పాయింట్ల మిషను. ప్లగ్గు కొత్తది వేసినా స్పార్కు రావడం లేదు. కాయిల్ పోయిందంటున్నారు. ఎక్కడా దొరకడం లేదు. – సరుగుడు కోత మేస్త్రీ, కావలి*

కాయిల్ అంత తొందరగా పోదు మేస్త్రీ గారూ. ముందు సీబీ పాయింట్, అంటే స్పార్కు పుట్టేలా కరెంటుని కలిపి తెంచే స్విచ్చు లాంటిది, చూడండి. మీది సముద్రపు గాలి ఊరు. మూడు నెలలు పక్కన పెడితే చాలు, పాయింట్ మొహాల మీద కంటికి కనపడని పొర పడుతుంది. కరెంటు ఆగిపోవడానికి అది చాలు.

మాగ్నెట్ విప్పి, పాయింట్ల మధ్య సన్న ఎమరీ ముక్క ఒకసారి లాగండి. తర్వాత తెల్లటి గట్టి కాగితం, పెళ్ళి శుభలేఖ ముక్కయినా సరే, పెట్రోలులో తడిపి రెండుసార్లు లాగండి. కాగితం నల్లగా రాకుండా ఉండేదాకా లాగాలి. ఎమరీ పొడి మిగిలినా స్పార్కు రాదు, చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆ తర్వాత ఫిల్లర్ గేజ్‌తో సందు 0.35 నుంచి 0.4 మిల్లీమీటర్లకి పెట్టండి. ప్లగ్గు సందు 0.5. కాయిల్‌కీ మాగ్నెట్‌కీ మధ్య ఒక విజిటింగ్ కార్డు పెట్టి, దాని మీదికి కాయిల్ అదిమి బిగించి, కార్డు లాగేయండి.

స్పార్కు ఉంది గానీ పసుపుపచ్చగా నీరసంగా ఉంది, పాయింట్లు తొందరగా కాలిపోతున్నాయి అంటే, పాయింట్లు కాలకుండా కాపాడే కండెన్సర్ పోయినట్టు. స్విచ్చి వైరు చర్మం ఊడి బాడీకి తగులుతోందేమో కూడా చూడండి. ఆ వైరు విప్పేసి ఒకసారి తాడు లాగితే తెలిసిపోతుంది. మాగ్నెట్ లోపలి కీ సగం కోసుకుపోయి టైమింగ్ తప్పిన మిషన్లు కూడా నా దగ్గరికి వచ్చాయి. ఇవన్నీ దాటాకే కాయిల్ మీద అనుమానపడండి.

*ప్రశ్న: రెండేళ్ళలో మూడుసార్లు పెట్రోలు పైపు మెత్తబడి తెగిపోయింది. కార్బరేటర్ పొరలు కూడా వంకర పోతున్నాయి. పెట్రోలు కల్తీయా? – ఆయిల్‌పామ్ రైతు, అశ్వారావుపేట*

కల్తీ కాకపోవచ్చు. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2023లో మొదలుపెట్టి దేశమంతా తెచ్చారు. మీ మిషను తయారైన రోజుల్లో రబ్బరుకి ఇథనాల్ అంటే ఏమిటో తెలియదు. అందుకే ఉబ్బి, మెత్తబడి, ఆరినప్పుడు గట్టిపడిపోతుంది.

కళ్ళతో చూడాలంటే గీతలున్న గాజు గొట్టంలో 100 మిల్లీలీటర్ల పెట్రోలు పోసి, 10 మిల్లీలీటర్ల నీళ్ళు కలిపి ఊపి, నిలబెట్టండి. పొయ్యికీ దీపానికీ దూరంగా చేయండి. కాసేపటికి అడుగున నీళ్ళు పది దగ్గర కాకుండా ముప్పై దగ్గర కనిపిస్తాయి. ఇథనాల్ పెట్రోలుని వదిలి నీళ్ళతో చేరిపోయింది. వర్షాకాలంలో మూత సరిగ్గా లేని డబ్బాలో జరిగేది ఇదే. కలిపిన నూనె పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ట్యాంకు అడుగున ఉన్న ఫిల్టరు మాత్రం నూనె లేని ఆ నీళ్ళనే పీలుస్తుంది. మిగతాది మీకు అర్థమయ్యే ఉంటుంది.

చేయాల్సింది: పైపు వైటాన్ రబ్బరుది వేయించండి. డయాఫ్రమ్ (కార్బరేటర్ పొర) కిట్టు ఇథనాల్‌కి తట్టుకునేదని రాసి ఉన్నదే కొనండి. పాతది వేలితో నొక్కితే అప్పడంలా చిటపటమంటే దాని పని అయిపోయినట్టు. కొత్తది ఏ శబ్దమూ లేకుండా వంగాలి. విప్పేటప్పుడు ప్యాకింగ్ ముందా పొర ముందా అన్నది ఫోన్‌తో ఫొటో తీసుకోండి. తిరగబడితే మిషను స్టార్టే కాదు. వారం రోజులకి సరిపడే పెట్రోలే కలుపుకోండి. పని అయిపోయాక ట్యాంకు ఒంపేసి, ఇంజన్ దానంతటది ఆగేదాకా ఐడిల్‌లో వదిలేయండి. రేసు ఇవ్వకండి.

*ప్రశ్న: చైను కొత్తదే. అయినా కోత పక్కకి పోతోంది, పొట్టు పిండిలా వస్తోంది. – కడియం నుంచి ఒక పాఠకుడు*

పదును పోయింది. దుంగలోంచి పేళ్ళు రావాలి, పిండి కాదు. కోత ఒక పక్కకి పోవడం, ఆ పక్క పళ్ళు రెండో పక్క వాటితో సమానంగా లేకపోవడం వల్ల. కుడిచేతి వాటం వాళ్ళు ఒక వైపు పళ్ళని ఎక్కువ బలంగా రుద్దుతారు. ఏ వైపు పన్ను అన్నిటికంటే పొట్టిగా ఉందో చూసి, మిగతావన్నీ దాని కొలతకి తీసుకురండి.

గుండ్రటి ఆకురాయి చైను పిచ్‌ని (చైను లింకుల కొలత, అంగుళాల్లో) బట్టి: .404కి 5.5 మిల్లీమీటర్లు, మూడు బై ఎనిమిదికి 5.2, .325కి 4.8. వాలు 30 డిగ్రీలు. ఆకురాయి ముందుకి తోసేటప్పుడే కొయ్యాలి, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయండి. పన్ను ముందుండే చిన్న మూపు, డెప్త్ గేజ్ అంటాం, పన్ను అంచుకంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. తొందరలో దాన్ని ఎక్కువ అరగదీస్తే చైను దుంగని కరిచిపట్టి మిషనుని మీ మీదికి విసురుతుంది.

ఈ పన్ను ఆకారం పుట్టిన కథ నాకు చాలా ఇష్టం. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అని చెట్లు నరికే పనివాడు ఉండేవాడు. 1946లో ఒకరోజు ఒక మొద్దులో కర్రని తొలిచే పురుగు పిల్లని చూశాడు. అది నారకి అడ్డంగానూ, నిలువుగానూ, ఎటంటే అటు నమిలేస్తోంది. దాని రెండు దవడలు సి అక్షరంలా వంగి, కుడీ ఎడమా ఆడుతున్నాయి. ఆ దవడలు చూసి చైనుకి కుడి పన్ను, ఎడమ పన్ను చేశాడు. 1947లో కంపెనీ పెట్టాడు. మనం వాడే ఒరెగాన్ చైన్లు ఆ కంపెనీవే. కొబ్బరి మొవ్వులో కొమ్ముపురుగుని తిట్టుకోని రైతు మన జిల్లాల్లో ఉండడు. అటువంటి ఒక పురుగు నోరే మన చేతిలో తిరుగుతోంది.

*ప్రశ్న: అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంటాం. పక్కింటి పెద్దాయన హోమ్‌లైట్ ఎక్స్‌ఎల్-12 ఇచ్చారు. పాత కాగితంలో 16కి 1 నూనె కలపమని ఉంది. అంత అవసరమా?*

అది ఆ రోజుల నూనెకి చెప్పిన లెక్క. ఇప్పటి మంచి టూ స్ట్రోక్ ఆయిల్‌తో 32కి 1 చాలు, లీటరుకి 31 మిల్లీలీటర్లు. అంతకంటే తగ్గించకండి. మీ దగ్గర కొన్ని బంకుల్లో ఇథనాల్ లేని పెట్రోలు దొరుకుతుంది, అదే పోయండి. ఆ మిషనుకి చైను ఆయిల్ దానంతటది రాదు. బొటనవేలితో బటన్ నొక్కాలి. కోస్తున్నంతసేపూ కొన్ని సెకన్లకోసారి నొక్కుతూ ఉండండి. ఇక్కడివాళ్ళకీ ఒక మాట: చైనుకి కాలిన ఇంజన్ ఆయిల్ పోయకండి. అందులో ఉండే ఇనప పొడి, చైను తిరిగే బార్ గాడినీ, ఆయిల్ పంపునీ తినేస్తుంది.

*ప్రశ్న: మా మామగారి కాలం నాటి మిషను మా అబ్బాయి బాగుచేయించి, నిచ్చెనెక్కి ఒంటిచేత్తో కొమ్మలు కోస్తున్నాడు. చెబితే వినడు. నాకు రాత్రిళ్ళు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. మీరు చెబితే వింటాడు. – ఒక తల్లి, తుని*

అమ్మా, మీ భయం నిజమైనదే. బాబూ, నువ్వు ఇది చదువుతుంటే నీకే చెబుతున్నాను. ఆ మిషనుకి ముందు హ్యాండిల్ దగ్గర చేతికి అడ్డంగా ఒక రేకు లేదు చూడు. ఇప్పటి మిషన్లకి ఆ రేకే చైన్ బ్రేకు. బార్ మూతి పైభాగం దేనికైనా తగిలితే మిషను రెప్పపాటులో మొహం మీదికి లేస్తుంది. అప్పుడు ఆ రేకు నీ చేతికి తగిలి చైను అక్కడికక్కడే ఆగుతుంది. చైన్ బ్రేకులు 1970ల్లోగానీ రాలేదు. మీ తాతగారి మిషను అంతకు ముందుది. అది లేస్తే ఆపేది నీ రెండు చేతులే. నువ్వు వాటిలో ఒకటి నిచ్చెనకి ఇచ్చేశావు.

పాత మిషన్లంటే నాకు ప్రాణం. అయినా చెబుతున్నాను, నిచ్చెన మీదికి ఆ మిషను పట్టుకెళ్ళకు. కొత్తదైనా సరే, నిచ్చెన మీద ఒంటిచేత్తో వద్దు. కొమ్మలకి పొడుగు కర్రకి కట్టిన చేతి రంపం ఉంది. మీ తాతగారి మిషనుని నేల మీద, కదలకుండా ఆపు పెట్టిన దుంగ మీద, రెండు చేతులతో పట్టుకుని కొయ్యి. ఎడమ బొటనవేలు హ్యాండిల్ కిందినుంచి చుట్టి పట్టుకో. బార్ మూతితో కోత మొదలుపెట్టకు. కళ్ళద్దాలు, చెవి మూతలు, బూట్లు ఉండాలి. లుంగీతో అసలు ముట్టుకోవద్దు.

అమ్మా, ఒక ఆదివారం మిషనుతో సహా మీ అబ్బాయిని మా షెడ్డుకి పంపించండి. అడ్రసు పత్రిక ఆఫీసులో ఇస్తారు. క్లచ్ స్ప్రింగులు చూస్తాను. అవి సాగిపోతే ఐడిల్‌లో కూడా చైను తిరుగుతూ ఉంటుంది, మీవాడు ఆ సంగతి గమనించాడో లేదో. బస్సులో తెచ్చేటట్టయితే ట్యాంకు పూర్తిగా ఒంపి ఆరబెట్టి, బార్‌కి గోనె చుట్టి తీసుకురమ్మనండి.